పదహారో పంది

ఆ ఏడు మా వదిన తన చేనులో పన్నెండు గుంటలు తీగ శనక్కాయ వేసింది. వదిన అంటే నా భార్యకు అక్క. ఆ విత్తనం నంగలి దగ్గర వాళ్ళ పుట్టింటిది. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ ఏటా ఒక కుండెడు విత్తనం పంపేది. ఆమె పోయాక ఆ ఊరి చేలన్నీ టమాటాకూ, తొందరగా చేతికొచ్చే గుత్తి శనక్కాయకూ మారిపోయాయి. అడిగితే ఇచ్చేవాళ్ళు లేరు. ముందటేడు వాన సరిగా పడలేదు. పండిన కాస్తా పందులు తవ్వుకుపోయాయి. చివరికి వదిన చేతిలో మిగిలింది చిన్న బుట్టెడు కాయ. అది వలిచి వేస్తే పన్నెండు గుంటలకు వచ్చింది.

"వచ్చే ఏడు ఎకరమంతా ఇదే వెయ్యాలంటే ఎంత నిలబడాల మరిదీ?" అని అడిగింది.

గుంటలో పండింది పది గుంటలకు విత్తనమవుతుందని మా వైపు అనుభవం. ఎకరమంటే నలభై గుంటలు. "నాలుగు గుంటలు నిలబడితే చాలు వదినా" అన్నాను. ఆ మాట నేను అన్నాను కాబట్టి ఆ నాలుగు గుంటలకు పూచీ కూడా నాదే అయింది.

తీగ శనక్కాయకు ఒక చిక్కు ఉంది. అది నేల మీద పాకుతుంది, నెమ్మదిగా ఊరుతుంది. ఊళ్ళో అందరూ కాయ పీకి నెలైనా మా వదిన చేను మాత్రం పచ్చగా ఉంటుంది. చుట్టూ ఎండిన నేల, మధ్యలో ఒక్క విస్తరి. పందులు వేరే ఎక్కడికి పోతాయి?

నేను ఏడో తరగతితో చదువు మానేసినవాణ్ణి. లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండా వచ్చింది. కోలారు టమాటా మండీలో పెట్టెలు లెక్కపెట్టడం నా పని. లారీ మీద పేర్చిన పెట్టెలను కింద నిలబడి చూసి ఎన్నో చెబితే, దించాక ఒకటి రెండు తేడా వచ్చేది. ఆ తేడా నాకు నిద్ర పట్టనిచ్చేది కాదు. కోలారు బంగారు గనుల కోరమండల్ కాలనీలో మా నాన్నకు గని పనిలో ఉన్నప్పుడు ఇచ్చిన లైను ఇంట్లోనే ఇప్పటికీ ఉంటున్నాం. అక్కడి నుంచి వదిన ఊరు మోపెడ్ మీద ఇరవై నిమిషాలు. ఊరికి తూర్పున రిజర్వు ఫారెస్టు, పడమట మూతబడిన గనుల భూమి. ఆ రెంటికీ నడుమ వదిన చేను.

ఆశ్వయుజం పోయి కార్తీకం వచ్చే రోజులవి. మండీలో పని పలచబడింది. ఒక పొద్దున నేను చేనుకు పోయేసరికి వదిన గట్టు మీద ఇనప తీగ చుట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. కళ్ళు మోటారు స్టార్టరు పెట్టె మీద ఉన్నాయి.

"ఏం వదినా, బట్టలు ఆరేసేదానికా?"

"పందుల్ని ఆరేసేదానికి."

"ఫారెస్టు గార్డమ్మ చూస్తే?"

"చూడనీ. నా శెనక్కాయ తినేటప్పుడు అవి అడివి పందులు. నేను తీగ కట్టినాక సర్కారు పందులా?"

నేను నవ్వలేదు. పక్క ఊళ్ళో ఒకాయన అట్లాగే చేను చుట్టూ తీగ కట్టి కరెంటు ఇచ్చాడు. పంది పడలేదు, ఆయన ఎద్దే పడింది. దాన్ని లాగబోయిన ఆయన కుడిచెయ్యి ఇప్పటికీ సరిగా ముడవదు. ఆ సంగతి వదినకు నాకంటే బాగా తెలుసు. తెలిసి కూడా తీగ తెచ్చుకుందంటే ఆమె మనసు ఎంత దూరం పోయిందో నాకు అర్థమైంది.

"వారం దినాలు ఇయ్యి వదినా. ఎన్ని వస్తుండాయో, యాడ నుంచి వస్తుండాయో లెక్క తేలుస్తాను."

"లెక్క పెడితే పోతాయా?"

"పోవు. వచ్చే దారి తెలుస్తాది."

ఆమె తీగ చుట్టను మోటారు కొట్టంలో పెట్టి తలుపు వేసింది. ఆ తలుపు వేసినందుకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను.

ఆ అడవికి గార్డు ఒక అమ్మాయి. బిజాపూర్ వైపు నుంచి వచ్చింది. మూడేళ్ళలో మా మాట నేర్చుకుంది గానీ కోపం వస్తే కన్నడంలోకి పోయేది. ఆమెకూ పందులతో తలనొప్పి ఉంది. అడవి లోపల ఒక ఊట కుంట ఉంది, జింకలూ నెమళ్ళూ నీళ్ళు తాగేది అక్కడే. పందులు దాని గట్టు తవ్వి బురద చేసిపెట్టాయి. నేల మీద గుడ్లు పెట్టే కౌజుల్ని బతకనివ్వడం లేదు. అయినా ఆమె చేతులు కట్టేసి ఉన్నాయి.

"అడవి పందిని ముట్టుకోవాలంటే పై నుంచి ఆర్డరు కావాలణ్ణా. చాలా ఉన్నాయి అని రాస్తే, చాలా అంటే ఎన్ని అని తిరిగి వస్తుంది. నా దగ్గర నంబరు లేదు."

"నంబరు నేనిస్తాను" అన్నాను.

పని చిన్నదే. చేనుకూ అడవికీ మధ్య గట్టులో మూడు సందులు ఉన్నాయి. సాయంత్రం ఆ సందుల ముందు మట్టి గుల్లచేసి, వేపమండతో నున్నగా ఊడ్చేవాణ్ణి. పొద్దున్నే వచ్చి గిట్టల గుర్తులు చదివేవాణ్ణి. ఒక పుల్ల మీద మూడు గాట్లు పెట్టుకున్నాను, పెద్దది, నడిమిది, పిల్ల. గుర్తు ఏ గాటుకు సరిపోతుందో, గిట్ట ముక్కు ఏ వైపు ఉందో చూసి రాసుకునేవాణ్ణి. మొదటి పొద్దున అడవి నుంచి చేనులోకి వచ్చినవి రెండు. చేను నుంచి అడవిలోకి పోయినవి పద్నాలుగు. రెండో పొద్దున వచ్చింది ఒకటి, పోయినవి పదిహేను. మూడో రోజూ అంతే.

ఇక్కడ నేను తప్పు చేశాను. ఆ లెక్క కుదరదు. రెండు వచ్చి పద్నాలుగు పోవడం ఉండదు. కుదరని లెక్కను అట్లాగే పెట్టుకుని ఆలోచించాల్సిన వాణ్ణి, కుదిరేటట్టు సర్దేశాను. గట్టు ఉత్తరం వైపు కొంత దూరం ఉత్త బండ. బండ మీద గుర్తు పడదు. మిగతావి అటు నుంచి వచ్చి ఉంటాయి అనుకున్నాను. మండీలో ఒక పెట్టె తేడా వస్తే మూడుసార్లు లెక్కపెట్టేవాణ్ణి, పన్నెండు పందుల తేడాను ఒక్క బండ మీద పెట్టి ఇంటికి పోయాను.

"అన్నీ అడివి వైపు నుంచే వదినా. ఆ వైపంతా మూసేస్తే సరి."

వదినా నేనూ కలిసి మూడు రోజులు తుమ్మ కంప కొట్టి, మోసి, బండతో సహా తూర్పు వైపంతా రొమ్ము ఎత్తు దడి కట్టాం. నా చేతుల్లో విరిగిన ముళ్ళు నా భార్య పిన్నీసుతో తీసింది. పదకొండు.

నాలుగో పొద్దున చేను చూసి నేను మోపెడ్ స్టాండు వేయడం మరిచిపోయాను. అది పక్కకు పడింది. అప్పటికి తొమ్మిది గుంటలు బాగుండేది. దడి వెంబడి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా, నాగలి పట్టినట్టు తవ్వేసి ఉంది. సాళ్ళ లెక్కన చూస్తే మూడు గుంటలు పోయింది. మిగిలింది ఆరు.

వదిన గట్టు మీద నిలబడి ఉంది. కోపంగా లేదు. అదే కష్టంగా తోచింది.

"ఇన్నాళ్ళూ తిని పోతావుండె. నీ పుణ్యాన ఈ పొద్దు పడక కూడా ఈడ్నే వేసినాయి."

"తప్పు చేసినాను వదినా."

"దడి బాగా కట్టినామప్పా. ఒక్కటి కూడా బయటికి పోలే."

ఆమె మోటారు కొట్టం వైపు చూసింది. నేనూ చూశాను. "ఇంగ ఒక్క పగలు ఇయ్యి" అన్నాను. వదిన సద్ది గిన్నె నా ముందు పెట్టి పేడకళ్ళు ఎత్తడానికి పోయింది.

రాగి సంగటి ముద్ద చేతిలో పెట్టుకుని ఆ గట్టు మీదే కూర్చున్నాను. లోపలికి పోయినవి తక్కువ, బయటికి వచ్చినవి ఎక్కువ. ఇట్లాంటి లెక్క నేను ఎక్కడో విన్నాను అనిపించింది. విన్నది మా నాన్న నోట.

నాన్న గనిలోకి దిగే షాఫ్టు బావి తల దగ్గర బిళ్ళల పని చేసేవాడు. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ నాన్న చేతికిచ్చి దిగాలి, పైకొచ్చాక తీసుకుపోవాలి. మేకుకు బిళ్ళ వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా నేల కింద ఉన్నట్టు. ఒకసారి షిఫ్టు అయిపోయాక ఒక బిళ్ళ మిగిలిపోయింది. రాయి పడిందేమో అని నలుగురు మళ్ళీ కిందికి దిగి వెతికారు. ఆ మనిషి ఇంట్లో అన్నం తిని పడుకుని ఉన్నాడు. గనులు లోపల ఒకదానికొకటి కలిసి ఉండేవి. తన ఇల్లు దగ్గరని ఆయన లోలోపలే నడిచి పక్క షాఫ్టు నుంచి పైకి వచ్చేశాడు. అక్కడ బిళ్ళలు చూసేవాడికి, ఇచ్చిన బిళ్ళ లేకుండా ఒక మనిషి పైకొచ్చాడు. వాడు నవ్వి ఊరుకున్నాడు.

"మిగిలిన బిళ్ళ చూసి నేను భయపడినాను, మిగిలిన మనిషిని చూసి వాడు నవ్వినాడు" అని నాన్న చెప్పేవాడు. "నా లెక్క తప్పు కాదు, వాడి లెక్కా తప్పు కాదు. ఒకరినొకరం అడక్క పోవడమే తప్పు."

సంగటి ముద్ద గిన్నెలో పెట్టేశాను. నేను ఒక్క షాఫ్టు దగ్గరే కూర్చుని లెక్క రాశాను. ఇంకో దారి ఎక్కడో ఉంది.

పడమటి వైపు చేనుకు ఆనుకుని ఒక వంక ఉంది. గనుల భూమి వైపు నుంచి వచ్చి, మా చేను అంచు తాకి, గుట్ట చుట్టూ తిరిగి పోతుంది. వానాకాలం చివర అందులో ఉండేది ఇసుకే. ఆ వైపు నుంచి పందులు వస్తాయని ఎవరూ అనుకోలేదు. పంది అంటే అడవి, అడవి అంటే తూర్పు. వంకలోకి దిగి చూస్తే ఊడ్చే పని కూడా లేదు, ఇసుక పలక మీద రాసినట్టు ఉంది. వచ్చినవాటి గిట్ట ముక్కులన్నీ చేను వైపు, దడి తగిలి ఆ రాత్రి వెనక్కి పోయినవి ఒక పక్కగా. వచ్చినవాటినే పుల్ల పట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టాను. పెద్దవి నాలుగు, నడిమివి ఐదు, పిల్లలు ఏడు. మొత్తం పదహారు.

గార్డు అమ్మాయిని పిలుచుకొచ్చాను. ఆమె ఒక ముళ్ళ కొమ్మకు తగులుకున్న వెంట్రుకలు తీసి ఎండకు పట్టుకుంది. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి.

"ఇదు కాడు హంది అల్ల అణ్ణా" అంది. ఆమె మొహం చూస్తే చాలు, ఇది అడవి పంది కాదంటోంది. "అడవి పందికి ఇట్లా తెల్ల వెంట్రుకలు రావు."

ఇద్దరం వంక పట్టుకుని పైకి నడిచాం. గనుల బూడిదరంగు దిబ్బల పక్కన, మురుగునీళ్ళు ఆగే చోట, సీమతుమ్మ పొదల కింద పట్టపగలే పడుకుని ఉన్నాయి. కొన్ని నల్లగా నిక్కిన వెంట్రుకలతో అచ్చం అడవివే. కొన్నిటికి పొట్ట మీద తెల్ల మచ్చలు. ఆ పక్కనే ఒక తాత పందులు మేపుతూ గుడిసెలో ఉంటాడు. తమిళం మాట, మాతో మాట్లాడితే తెలుగు కలిపేవాడు.

"గని మూసినాక జనం ఇల్లు ఇడిచి పోయినారు తంబీ. పందుల్ని కూడా ఇడిచినారు. ఇవి పొద పట్టినాయి. అడివి నుంచి మగపంది వచ్చింది. పిల్ల కోరమండల్‌ది, పిల్లోడు అడివోడు. పెళ్ళికి మనల్ని అడిగినారా?"

గార్డు అమ్మాయి నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

అప్పుడు లెక్కంతా కుదిరింది. అవి పగలు దిబ్బల దగ్గర పడుకుంటాయి. చీకటి పడ్డాక వంక వెంట వచ్చి చేను తింటాయి. అక్కడి నుంచి తూర్పు సందుల్లో దూరి అడవి కుంటకు పోయి, బురదలో పొర్లి, తెల్లారేలోపు గుట్ట చుట్టూ తిరిగి ఇంటికి చేరతాయి. ఒక వైపే తిరిగే దారి. నేను తూర్పున దడి కట్టి, వాటిని చేనులోనే ఆపేశాను. పోయేవాటిలో రెండో నాలుగో బండ మీదుగా పోయాయి, వాటి గుర్తే పడలేదు. అడవి నుంచి వచ్చిన ఆ ఒకటీ రెండే అసలైన అడవి పందులు.

వదినతో ఆ రోజే చెప్పాను. విని, "అయితే ఇవి మన లైను పందులే. మన కుడితి తాగి పెరిగినవాటి మనవళ్ళు" అంది. తీగ మాట ఎత్తలేదు. ఆ సాయంత్రమే తూర్పు దడిలో సందులు విప్పి, ఆ కంపనే పడమటికి మోసుకుపోయాం. పూర్తిగా ఆగలేదు. "మూతి దూరితే ఒళ్ళు దూరినట్టే తంబీ" అన్నాడు తాత. అయినా నష్టం తగ్గింది.

గార్డు అమ్మాయి పైకి రాసింది, పదహారు అన్న అంకెతో. దాని కింద గాట్ల పుల్ల కొలతలు కూడా రాసింది. నేను రాసిన కాగితాలు అడిగి తీసుకుని తన ఉత్తరానికి కుట్టి పంపింది. ఏడో తరగతి చదివినవాడి రాతను ఒక ఆఫీసుకు పంపిన మనిషి నా బతుకులో ఆమె ఒక్కతే. తొమ్మిది రోజులకు ఆమె పై అధికారి వచ్చి చూసి పోయాడు. ఇవి కాలనీ పందులు కాబట్టి పట్టుకోవచ్చు, చంపకూడదు, పట్టినవి కట్టుదిట్టంగా ఉంచాలి, శనివారం దాటితే మళ్ళీ అడగాలి, ఇదీ ఆయన ఇచ్చిన ఆర్డరు. అప్పటికి వారమే ఉంది. చేనులో మిగిలింది ఐదు గుంటలు.

పట్టే విద్య తాతది. దిబ్బల దగ్గర పాత దుంగలూ వలకంచే పెట్టి గుండ్రంగా దొడ్డి కట్టించాడు. మూల ఉండకూడదట, మూల ఉంటే ఒకదాని మీద ఒకటి ఎక్కి దూకేస్తాయట. మొగదల పైకెత్తే తలుపు, దానికి తాడు. నేను మండీ నుంచి రెండు పెట్టెలు మెత్తబడిన టమాటాలు మోసుకుపోయాను.

"పులుసు పెడతావా తంబీ వాటికి?" అన్నాడు. "ఉంటే తింటాయి. దానికోసమని రావు. రాగులు నానెయ్యి, పులిసి వాసన కొట్టాల."

రాగులు వదిన ఇచ్చింది.

ఆయన పెట్టిన షరతు ఒకటే, అన్నీ వచ్చేదాకా తలుపు వేయకూడదు. సగం పట్టుబడితే మిగిలిన సగం ఆ చుట్టుపక్కలకు జన్మలో రాదు. కాబట్టి రోజూ సాయంత్రం, ఎండ పసుపుగా మారే వేళకు రాగులు పోసి, తలుపు ఎత్తి ఉంచి, దిబ్బ వెనక కూర్చుని లెక్కపెట్టడమే పని. ఆదివారం ఐదు వచ్చాయి. సోమవారం తొమ్మిది. మంగళవారమూ తొమ్మిదే. బుధవారం పదమూడు. ఇక్కడ కడుపు నిండుతున్నందువల్ల చేనులో తినేది తగ్గింది. గురువారం నాటికి మిగిలింది నాలుగున్నర గుంటలు.

ఆ గురువారం పదిహేను దొడ్డిలోకి పోయాయి. పదహారోది ముసలి ఆడపంది, కుడి చెవికి చిన్న కోత ఉంది. పొద దగ్గర నిలబడి ముట్టె పైకెత్తి వాసన చూస్తోంది. అడుగు ముందుకు వేయలేదు.

వదిన కూడా ఆ రోజు చూడటానికి వచ్చింది. నలుగురం దిబ్బ వెనక ఉన్నాం. గార్డు అమ్మాయి చెయ్యి తాడు మీద ఉంది.

"సాకు అణ్ణా" అంది గుసగుసగా, చాలు అని. "పదిహేను చాలు. శనివారం దాటితే ఇవి కూడా పోతాయి."

ఆమె చెప్పింది తప్పు కాదు. నాకూ తాడు లాగేయాలని ఉంది. కానీ చేను వదినది. ఆమె వైపు తిరిగాను.

"ఆగితే ఏమైతాది?" అని అడిగింది.

"రాత్రికి పావు గుంట లోపల పోతాది. శనివారం దాకా ఆగినా నాలుగుకు తగ్గదు. నా లెక్క సరిగ్గా ఉంటే."

"దడి కట్టినప్పుడు కూడా నీ లెక్క సరిగ్గానే ఉండె."

"అప్పుడు సర్దినాను వదినా. ఇప్పుడు సర్దలేదు."

ఆమె ఆ ముసలి పందినే చూస్తోంది. దాని పొట్ట కింద పాలు ఎండిన రొమ్ములు వేలాడుతున్నాయి.

"అది తల్లి" అంది వదిన. "దాన్ని బయట ఇడిస్తే మళ్ళీ ఇంతమందిని కని పెడతాది. నాకు ఈ ఏడు ఒక్కటే కాదు గదా చేను." గార్డు అమ్మాయి చేతి మీద చెయ్యి వేసి, "ఇడుసమ్మా తాడు" అంది.

ఆమె వదిలింది. పదిహేను పందులూ మా రాగులు తిని, తీరిగ్గా బయటికి నడిచి పోయాయి. వదిన అంత ధైర్యంగా ఒక చేను పణం పెట్టడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ రాత్రి వాన వచ్చింది. శుక్రవారమంతా విడవలేదు. వంక నిండుగా పారింది, దొడ్డికి ఒక్కటీ రాలేదు. నీళ్ళు దాటి చేనుకు కూడా పోలేదు. శనివారం మధ్యాహ్నానికి ఎండ కాసింది.

సాయంత్రం పదిహేనూ ఆకలితో వచ్చాయి. ముసలిది మళ్ళీ పొద దగ్గరే ఆగింది. ఎండ దిబ్బ మీద నుంచి జారుతోంది. తాత తల గోక్కుంటూ అటూ ఇటూ కదిలాడు.

"తంబీ, ఒక మాట."

"చెప్పు తాతా."

"అది నాది."

గార్డు అమ్మాయి తల తిప్పి చూసింది.

"చెవి నేనే కోసినాను, గుర్తుకు. చిన్నదప్పుడే తప్పిచ్చుకుని పోయింది. మొదటి దినమే కనుక్కున్నాను. నాదంటే ఈయమ్మ చేను తిన్న తప్పు నా తల మీద పడతాదని చెప్పలే."

నేను వదిన వైపు చూశాను. ఏమంటుందో అని భయం. ఆమె కొంగు సర్దుకుని, "తప్పు ఎవరిదైతే ఏమి, పిలిస్తే వస్తాదా?" అంది.

"తెల్దమ్మా. పొద్దుపోతా ఉండాది."

"ఆయ్తు తాతా, సరే, పిలువు" అంది గార్డు అమ్మాయి.

తాత గుడిసెకు పోయి తగరపు బకెట్టు తెచ్చాడు. దాచుకోకుండా, నిటారుగా నడిచి దొడ్డి వెనక వైపుకు పోయి, చిన్న కర్రతో బకెట్టు అంచు మీద కొట్టాడు. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. రెండు, ఆగి ఒకటి. మా లైన్లలో కుడితి పోసేటప్పుడు అందరూ అట్లాగే కొట్టేవాళ్ళు. లోపలి పందులు తలెత్తి, మళ్ళీ తినడంలో పడ్డాయి. ముసలిది చెవులు ముందుకు పెట్టింది. పది అడుగులు నడిచింది. తలుపు దగ్గర ఆగింది. తాత కొట్టడం ఆపలేదు, తొందర కూడా పడలేదు. అది ముట్టెతో గడప దుంగను ఒకసారి ముట్టి, లోపలికి పోయి నేరుగా ఆయన నిలబడ్డ వైపుకు నడిచింది.

తలుపు పడింది. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. పదహారు.

ఆదివారం పశువుల డాక్టరు వచ్చి, అన్నీ కలిసిపోయిన జాతే అని రాసిచ్చాడు. ఇక ముందు దొడ్డి దాటించనని తాత వేలిముద్ర వేసి వాటిని తీసుకున్నాడు. ఆయన ఆ ఒక్క మాట చెప్పకుండా ఉండి ఉంటే మేమేం చేయగలిగేవాళ్ళం? ఏమీ లేదు. నేను ఇన్నాళ్ళూ గిట్టలు కొలిచి రాసింది సగమే, మిగిలిన సగం ఆయన నోట్లో ఉండిపోయింది. భయపడుతూనే దాన్ని బయటపెట్టాడు.

పందులు పూర్తిగా పోలేదు. అడవి నుంచి ఇప్పటికీ ఒకటో రెండో వస్తాయి. వాటి అడవి అది. ఒకటి రెండింటికి కంప చాలు. కుంట గట్టు మళ్ళీ గట్టిపడిందని, నీళ్ళు తేటగా ఉన్నాయని గార్డు అమ్మాయి చెప్పింది.

మరో మూడు వారాలకు కాయ పీకాం. సాళ్ళు కొలిస్తే నాలుగు గుంటలు, పైన ఒక చిన్న మూల. పీకిన రోజు గార్డు అమ్మాయి వచ్చి గట్టు మీద కూర్చుని ఉడకబెట్టిన కాయ తింటూ, వాళ్ళమ్మకు ఇట్లాంటి ఎర్ర గింజ అంటే ఇష్టమని అంది. తాత కూడా వచ్చాడు. పిలవందే దగ్గరికి రాలేదు, వదిన కేకేస్తే వచ్చాడు.

నీడలో ఆరబెట్టి, విత్తనానికి మంచి కాయ ఏరి, కుండల్లోకి బూడిద కలిపి పోసేటప్పుడు నన్నే కొలవమంది. శేరు గిన్నెతో కొలిచి నలభై గుంటలకు సరిపోతుందని చెప్పాను, కొంచెం కూడా ఎక్కువ లేదు. ఆమె విని, ఒక సంచిలో గార్డు అమ్మాయి వాళ్ళమ్మకని మూడు శేర్లు పోసింది. ఇంకో సంచిలో తాతకని రెండు శేర్లు. ఆయన గుడిసె వెనక కాస్త నేల ఉంది.

"వదినా, ఎకరానికి తక్కువైతాది."

"కానీ. ముప్పై ఐదు గుంటలే వేస్తాము."

"వాళ్ళు వేస్తారో, తినేస్తారో."

"ఒకరు తింటారు, ఒకరు వేస్తారు. మాయమ్మ నాకొక్కదానికే పంపి పోయినాది మరిదీ. పోయినేడు నా బుట్ట ఒట్టి పోతా ఉంటే అడిగేదానికి ఒక్క ఇల్లు కూడా లేకపాయె." సంచి మూతి కట్టి నా చేతికిచ్చింది. "తాతకు నువ్వే ఇచ్చి రా. నేనిస్తే తీసుకోడు."

సంచి మోపెడ్ ముందు పెట్టుకుని దిబ్బల దారి పట్టాను.